కోడె ఎదిగింది సరే.. విత్తనానికి సిద్ధమైందా?

* పళ్లు, మూపురం చూసి ఆంబోతు ఎంపిక
* చూడి నిలవకుంటే నింద గేదెకే
* ఎద కాలానికి రెండు నెలల ముందు పరీక్షే మార్గం

కర్నూలు, కడప: పల్లెలో గేదె చూడి నిలవకపోతే అనుమానమంతా గేదెపైనే పడుతుంది. మేత చాలలేదంటారు, వాతం చేసిందంటారు. రెండుమూడు సార్లు తిరగపొర్లితే గొడ్డుమోతు అని ముద్ర వేసి సంతకు తోలుతారు. దానిని దాటిన దున్నపోతు పరిస్థితి ఏమిటన్న ప్రశ్న మాత్రం రాదు. నిజానికి ఒక గేదెలో లోపముంటే నష్టం ఒక ఇంటికే. ఊరి దున్నపోతులో లోపముంటే ఆ ఏడాది ఊరంతటికీ పాలు తగ్గుతాయి. వర్షాధార సేద్యం దెబ్బతిన్నప్పుడల్లా పాడినే నమ్ముకునే కర్నూలు, కడప పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు. అయినా కోడెను విత్తనానికి వదిలే ముందు పరీక్ష చేయించాలన్న ఆలోచన పశుపోషకుల్లో ఇంకా బలపడలేదు.

రెండు కొలబద్దలు

కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం విషయంలో నిబంధనలు కఠినంగా ఉన్నాయి. నంద్యాలలోని ఘనీకృత వీర్య కేంద్రం వంటి చోట్లకు వచ్చే కోడెను ముందుగా వేరుగా కట్టి ఉంచుతారు. క్షయ, ఈసుకుపోయే రోగం వంటి వ్యాధులకు పరీక్షలు జరుపుతారు. జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కో మోతాదులో కనీసం 2 కోట్ల వీర్యకణాలు ఉండాలి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ చేసి తిరిగి కరిగించాక కూడా సగం కణాలు చురుగ్గా కదలాలి. ఆ మెట్టు దాటని వీర్యాన్ని పారబోస్తారు.

ఊరిలో తిరిగే ఆంబోతుకు ఈ మెట్లేవీ లేవు. దేవుడి పేరున వదిలినదైనా, దాటింపుకు ఇంత అని రుసుము తీసుకునే ఇంటిదైనా దానికున్న అర్హత చూపులకు బలంగా కనిపించడమే. కృత్రిమ గర్భధారణ వచ్చాక ఆంబోతుల అవసరం తీరిపోయిందా అంటే అదీ లేదు. దేశంలో కృత్రిమ గర్భధారణ అందుతున్న పశువులు సుమారు మూడో వంతేనని కేంద్ర ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 50 శాతం కన్నా తక్కువగా ఈ సేవలు అందుతున్న జిల్లాల కోసం 2019 సెప్టెంబరులో కేంద్రం ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించాల్సి వచ్చింది.

గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరవదు, లక్షణాలు స్పష్టంగా చూపదు. చాలావరకు రాత్రివేళో, తెల్లవారుజామునో ఎదకు వస్తుంది. వేతనదారుకు కబురు చేసి సూది వేయించేలోగా అదను దాటిపోతుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి కూలి పనులకు వలస వెళ్లే కుటుంబాలు పశువులను ఇంట్లో మిగిలిన పెద్దలకు అప్పగించి పోతాయి. అలాంటి ఇళ్లకు మందలో తిరిగే దున్నపోతే దిక్కు. రెండుసార్లు సూది వేయించినా నిలవని పశువును చివరికి తోలుకుపోయేదీ దాని దగ్గరకే. అంటే కష్టమైన పశువులన్నీ చేరేది, ఎన్నడూ పరీక్షకు నోచుకోని పోతు వద్దకేనన్నమాట.

పళ్లు చెప్పేది వయసే

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర మొదలు కడప పల్లెల తిరునాళ్ల వరకు బండలాగుడు పోటీలు రాయలసీమకు ప్రాణం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అంటూ విభాగాలు చేస్తారు. నోరు తెరిచి చూసి వయసు చెప్పగల నేర్పు ఇక్కడి రైతులకు పుట్టుకతో వచ్చినది. రెండేళ్లు దాటాక రెండు పళ్లు, మూడేళ్లకు అటూ ఇటూగా నాలుగు పళ్లు వేస్తాయి. ఆంబోతు ఎంపికలోనూ ఇదే కొలత వాడుతున్నారు. పళ్లకు తోడు మూపురం, గంగడోలు, నడక, రంగు చూస్తారు.

జాతి లక్షణాలకు ఈ చూపు సరిపోతుంది. సంతాన శక్తికి సరిపోదు. ఒకే వయసున్న రెండు కోడెల్లో ఒకటి పూర్తిగా సిద్ధమై ఉండవచ్చు, రెండోది ఇంకా ఆరు నెలలు ఆగాల్సి ఉండవచ్చు. కండబలానికి, వీర్యం నాణ్యతకు నేరుగా సంబంధం లేదు. పైపెచ్చు అతిగా మేపిన కోడెలో వృషణాల తిత్తి పైభాగాన కొవ్వు చేరి వేడి బయటకు పోకుండా అడ్డుపడుతుంది. బండ లాగే బలం, ఆవును చూడి కట్టించే బలం వేర్వేరు.

ఏ వయసుకు సిద్ధం?

కోడె మొదటిసారి ఆవు మీదకు ఎక్కినంత మాత్రాన విత్తనానికి పనికొచ్చినట్టు కాదు. శాస్త్రవేత్తల నిర్వచనం ప్రకారం ఒక విడత వీర్యంలో కనీసం 5 కోట్ల కణాలు ఉండి, వాటిలో పదో వంతు కదలడం మొదలైతే అది యుక్తవయసు. ఆ దశలో ఆడపశువు చూడి కట్టే అవకాశం కొద్దిగా ఉంటుంది తప్ప, ఊరి భారం మోసే శక్తి ఉండదు. యుక్తవయసుకు, పూర్తి పరిణతికి మధ్య నెలల తరబడి ఎడం ఉంటుంది. పరీక్ష చేయాల్సింది ఈ ఎడం ముగిసే వేళ.

జాతిని బట్టి ఈ కాలం మారుతుంది. విదేశీ జాతి కోడెలు ఏడాదికి అటూ ఇటూగా యుక్తవయసుకు వస్తాయి. వాటిని 12 నుంచి 15 నెలల మధ్య పరీక్షిస్తారు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి కోడెలను ఏడాదిన్నర ప్రాంతంలో చూడవచ్చు. వీటిలో వీర్యం నాణ్యత లేక తిరస్కరణకు గురయ్యేవి ఎక్కువని దేశంలో జరిగిన పలు పరిశోధనలు తేల్చాయి కాబట్టి పరీక్ష మరింత అవసరం. ఒంగోలు కోడెలు ఆలస్యంగా ఎదుగుతాయి. రెండేళ్లు దాటాక, అంటే రెండు పళ్లు వేసిన తర్వాత మొదటి పరీక్ష, రెండున్నర నుంచి మూడేళ్ల మధ్య వాడకం అనుకోవాలి. ముర్రా దున్నలు ఇంకా నిదానం. రెండున్నరేళ్లకు ముందు చేసే పరీక్షతో తుది నిర్ణయానికి రాకూడదు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. వృషణాల తిత్తి చుట్టుకొలత 15 నెలలలోపు 30 సెంటీమీటర్లు, రెండేళ్లు దాటితే 34 సెంటీమీటర్లు ఉండాలన్న కొలత పుస్తకాల్లో కనిపిస్తుంది. అది అమెరికాలో అక్కడి జాతులను దృష్టిలో పెట్టుకొని చేసిన పట్టిక. దానిని యథాతథంగా ఒంగోలు కోడెకో, ముర్రా దున్నకో వర్తింపజేస్తే మంచి పశువు కూడా తప్పిపోతుంది. దున్నల వృషణాలు సహజంగానే చిన్నవి. మన జాతులను మన జాతుల్లోని అదే వయసు పశువులతోనే పోల్చాలి.

పునాది పాలలోనే

కోడె ఆలస్యంగా ఎదగడానికి జాతి ఒక్కటే కారణం కాదు. పుట్టిన మొదటి ఆరు నెలల్లో అందిన పోషణే వృషణాల ఎదుగుదలను చాలావరకు నిర్ణయిస్తుంది. ఆ వయసులో కడుపు మాడిన దూడకు తర్వాత ఎంత మేపినా ఆ లోటు పూర్తిగా పూడదని పరిశోధనలు నిరూపించాయి. మన పల్లెల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పెయ్యదూడకు ఒక చన్ను పాలు వదులుతారు. దున్నదూడకు చేపు కోసం మూతి తగిలించి లాగేస్తారు. అలా బతికి బట్టకట్టిన దున్నల్లోంచే ఊరి పోతు తయారవుతోంది. విత్తనానికి ఉంచదలచిన దూడను పుట్టినప్పుడే గుర్తించి పాలు, ఆపైన దాణా, ఖనిజ లవణ మిశ్రమం అందిస్తే తప్ప మూడేళ్ల తర్వాత చేసే పరీక్షలో మంచి ఫలితం ఆశించలేం.

పరీక్షలో ఏం చూస్తారు?

ఇది ఒక్క వీర్యం పరీక్ష కాదు. మొదట పశువు నడక, కాళ్లు, గిట్టలు, కళ్లు, పళ్లు చూస్తారు. మందను వెదుక్కుంటూ తిరగలేని, వెనక కాళ్లపై నిలవలేని పోతుకు ఎంత మంచి వీర్యమున్నా ప్రయోజనం లేదు. తర్వాత వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉన్నాయా, వాపు ఉందా అని తడిమి చూసి, చుట్టుకొలత తీస్తారు. లోపలి గ్రంథులను మలద్వారం గుండా పరీక్షిస్తారు. ఒంగోలు జాతిలో శిశ్నపు తొడుగు కిందికి వేలాడుతుంది. సర్కారు కంపల్లో తిరిగే పశువుకు అక్కడ ముళ్లు గీరుకొని పుండ్లు పడే ప్రమాదం ఉన్నందున దానిని జాగ్రత్తగా చూడాలి.

చివరగా వీర్యం సేకరించి సూక్ష్మదర్శిని కింద పెడతారు. ముందుకు కదిలే కణాలు కనీసం 30 శాతం, ఆకారం సక్రమంగా ఉన్నవి 70 శాతం ఉండాలన్నది అంతర్జాతీయంగా అనుసరిస్తున్న కనీస ప్రమాణం. లేత కోడెల్లో కణం మెడ దగ్గర చిన్న బొట్టు వంటిది ఎక్కువగా కనిపిస్తుంది. అది రోగం కాదు, కణం ఇంకా పండలేదనడానికి గుర్తు.

ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. పనికొస్తుంది, పనికిరాదు, ఆగి చూడాలి. కుర్ర కోడెల విషయంలో మూడో మాటే కీలకం. వృషణాల్లో వీర్యకణం తయారు కావడానికి దాదాపు 61 రోజులు, అక్కడి నుంచి బయటకు రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. కాబట్టి మొదటిసారి తప్పిన కోడెను రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఒక్క పరీక్షతో విత్తు కొట్టించి కాడి కట్టడం తొందరపాటే. రెండుమూడు సార్లు చూసినా మారకపోతే అప్పుడు సేద్యానికి మళ్లించవచ్చు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. కోరిక ఎంత ఉందన్నది ఇందులో తేలదు. ఎదలో ఉన్న పశువు దగ్గర పోతు ప్రవర్తనను యజమాని విడిగా గమనించాల్సిందే. అలాగే ఈ రోజు పనికొస్తుందన్న మాట జీవితకాలానికి హామీ కాదు. జ్వరం, గాయం, ఎండదెబ్బ తగిలితే లెక్క మారుతుంది.

మే ఎండ.. జూలై చూలు

వృషణాలు శరీరం కన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సక్రమంగా తయారవుతాయి. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపల్లో 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. నీడ, నీరు లేక మే నెలలో మాడిన దున్నపోతు దెబ్బ మే నెలలోనే బయటపడదు. అప్పుడు తయారవుతూ చెడిన కణాలు బయటకు వచ్చేది జూన్, జూలైలలో. తొలకరి పడి, పచ్చిక మొలిచి, పశువులు తేరుకుని ఎదకు వస్తున్న వేళ పోతు విఫలమవుతుంది. వాన పడ్డాక కూడా ఎందుకు నిలవలేదని రైతు తలపట్టుకుంటాడు. కారణం రెండు నెలల వెనక ఉంది.

గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఈ లెక్కన ఇక్కడి దున్నపోతులకు మొదటి పరీక్ష జూలైలో జరగాలి. తప్పినవాటికి సెప్టెంబరులో రెండో పరీక్ష పెట్టుకునే వెసులుబాటు ఉంటుంది. అప్పటికీ కుదరకపోతే మరో పోతును వెదకడానికో, సూదులపై ఆధారపడటానికో సమయం మిగులుతుంది. అక్టోబరులో లోపం తెలిస్తే ఆ ఏడాది చేతులు దాటినట్టే. వేసవిలో పోతును చెట్టు నీడన కట్టడం, రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లడం, జొన్నచొప్ప, వేరుశనగ కట్టెతోపాటు కొంత పచ్చిమేత వేయడం ఖర్చు లేని జాగ్రత్తలు.

రోగం మోసే పోతు

వీర్యం బాగుంటే చాలదు. ఊరంతా తిరిగే పోతు ఒక ఇంటి రోగాన్ని మరో ఇంటికి చేర్చగలదు. ట్రైకోమోనియాసిస్, క్యాంపైలోబ్యాక్టీరియోసిస్ అనేవి దాటింపు ద్వారానే వ్యాపిస్తాయి. పోతుకు పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఆడపశువు మాత్రం తిరగపొర్లుతుంది, లేదా తొలి నెలల్లోనే చూలు పోతుంది. తొడుగు కడిగిన నీటిని పరీక్షిస్తేనే ఇవి తెలుస్తాయి.

ఈసుకుపోయే రోగం, అంటే బ్రూసెల్లోసిస్, మరింత ప్రమాదకరం. ఇది మనుషులకూ సోకుతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా వేస్తున్నారు. మగదూడలకు ఈ టీకా వేయరు. వేస్తే వృషణాలకే హాని కలిగే అవకాశం ఉంది. కాబట్టి మగపశువు విషయంలో రక్త పరీక్ష ఒక్కటే రక్షణ. పెయ్యలన్నింటికీ టీకా వేసి, వాటిని దాటే పోతును పరీక్షించకుండా వదిలేయడం తలుపు మూసి కిటికీ తెరిచినట్టుంది.

నష్టం లెక్క ఇదీ

గేదెకు ఒక ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. మూడు ఎదలు వృథా అయితే 63 రోజులు. వట్టిపోయిన గేదెకు రోజుకు మేత, దాణా ఖర్చు 150 రూపాయలు అనుకున్నా, ఆ రెండు నెలలకు 9,450 రూపాయలు పాలు లేకుండా పెట్టాలి. ఒక పోతు పరిధిలో 40 గేదెలు ఉన్నాయనుకుంటే ఊరి నష్టం 3.78 లక్షల రూపాయలు. ఆలస్యమైన ఈతతో పోయే పాల విలువ దీనికి అదనం. గొడ్డుమోతు పేరున తక్కువ ధరకు అమ్ముకున్న గేదెల నష్టాన్ని ఎవరూ లెక్కకట్టరు. పాల డబ్బులతో ఇల్లు నెట్టుకొచ్చే మహిళలకు అది పెట్టుబడినే కోల్పోవడం.

2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో సుమారు 62 లక్షల గేదెలు, 46 లక్షల ఆవులు, ఎద్దులు ఉన్నాయి. ఇంత సంపదలో సగం వారసత్వం మగపశువుదే అయినప్పుడు దానిని అంచనాతో వదిలేయడం సమర్థనీయం కాదు.

మన జాతి.. వారి పరీక్ష

తెలుగు నేల నుంచి వెళ్లిన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో 'నెలోర్'గా స్థిరపడింది. 1960ల తొలినాళ్ల వరకు అక్కడికి పశువులను దిగుమతి చేసుకున్నారు. నేడు ఆ దేశ మాంస పశుసంపదకు అదే వెన్నెముక. అక్కడ దాటింపు కాలానికి ముందు కోడెలకు సంతాన సామర్థ్య పరీక్ష జరపడం పశుక్షేత్రాల్లో మామూలు పని. జెబూ జాతులకు తగిన సొంత ప్రమాణాలను కూడా వారు రూపొందించుకున్నారు. చుట్టుకొలత ఎక్కువగా ఉన్న కోడెకు పుట్టిన పెయ్యలు సైతం త్వరగా ఎదకు వస్తాయన్న పరిశోధనలను ఎంపికలో వాడుకుంటున్నారు. పుట్టిన చోట పళ్లు లెక్కపెడుతున్న జాతికి, వెళ్లిన చోట టేపు, సూక్ష్మదర్శిని కాపలా కాస్తున్నాయి.

మన దగ్గర ఈ ఆలోచన ఎన్నడూ లేదనలేం. కర్నూలు, కడప మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1940లో పశుసంపద అభివృద్ధి చట్టం వచ్చింది. నిర్ణీత ప్రాంతాల్లో ఆంబోతును ఉంచుకోవడానికి అనుమతి పత్రం ఉండాలని, పనికిరానిదానికి విత్తు కొట్టించాలని అందులో ఉంది. కృత్రిమ గర్భధారణపై ధ్యాస పెరిగేకొద్దీ ఊరి ఆంబోతు అధికారుల దృష్టి నుంచి జారిపోయింది.

ఏం చేయాలి?

దీనికి కొత్త శాఖ, భారీ నిధులు అక్కర్లేదు. ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల నడుస్తోంది. నంద్యాల వీర్య కేంద్రంలో ఈ పని రోజూ చేసే నిపుణులు ఉన్నారు. వీరి సాయంతో ప్రాంతీయ పశువైద్యశాలల వైద్యులకు శిక్షణ ఇచ్చి, ఏటా జూలైలో మండలానికి ఒక పరీక్ష శిబిరం నిర్వహించవచ్చు. కావాల్సింది చుట్టుకొలత టేపు, సూక్ష్మదర్శిని, రక్తనమూనా సీసాలు, పశువును నిలిపి ఉంచే బోను. శిబిరాల్లో సేకరించిన కొలతలను భద్రపరిస్తే కొన్నేళ్లలో ఒంగోలు కోడెలకు, ముర్రా దున్నలకు మన ప్రాంతపు పట్టిక తయారవుతుంది.

పశుపోషకుల వంతు కూడా ఉంది. కోడెను కొనేటప్పుడు పళ్లతోపాటు పరీక్ష పత్రం అడగాలి. కొత్తగా తెచ్చిన దానిని మందలో కలపకుండా కొన్నాళ్లు వేరుగా కట్టాలి. మొదటి ఏడాది వారానికి ఒకటి రెండు దాటింపులకు మించి వాడరాదు. తన కూతుళ్లనే దాటే పరిస్థితి రాకుండా మూడేళ్లకోసారి పోతును మార్చుకోవాలి. వరుసగా పలు ఇళ్లలో పశువులు తిరగపొర్లుతుంటే ముందుగా ఆపాల్సింది పోతును. దేవుడి పేరున వదిలిన ఆంబోతునైనా పరీక్షించడం అపచారం కాదు, ఊరి మేలు కోరడమే.

విత్తనం వేసే ముందు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక శాతం చూసుకునే రైతు, ఊరి పశువులన్నింటికీ విత్తనమైన కోడె విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. పశుసంవర్ధక శాఖ అందుకు వసతి కల్పించాలి. వచ్చే ఎద కాలానికి ముందే ఇది మొదలైతే, సంతకు చేరే 'గొడ్డుమోతు'ల్లో కొన్నయినా కొట్టంలోనే నిలిచి ఈనుతాయి.